పోచయ్య బండి కుడి తలుపు

నాగేశ్వర్ చెడ్డవాడు కాడు. ఈ మాట ముందే చెప్పి పెట్టడం మంచిది, చదువుతూ పోతే మీకు అనుమానం రావచ్చు. పాశమైలారంలో ఎవరిని అడిగినా "పాపం, మెత్తటి మనిషి" అనే అంటారు. ఒకరి జోలికి పోడు, ఒకరికి ఎదురు చెప్పడు, కంపెనీ బస్సులో సీటు కోసం కూడా తగువు పడడు. కానీ మెత్తటి మనుషులతో ఒక చిక్కుంది. వాళ్లలో మంచితనం ఎంతో భయం ఎంతో సమయం వచ్చేదాకా బయటివాళ్లకు తెలియదు, వాళ్లకూ తెలియదు. నాగేశ్వర్‌కు ఆ సమయం మొన్నటి చలికాలంలో ఒక ఆదివారం మధ్యాహ్నం వచ్చింది.

పదో తరగతి తప్పాక బొల్లారంలో ఒక మందుల కంపెనీలో హెల్పర్‌గా చేరాడు. డ్రమ్ములు దొర్లించాడు, తర్వాత వాల్వులు తిప్పడం నేర్చాడు, మెల్లగా ఆపరేటర్ అయ్యాడు. మూడు షిఫ్టులూ మారుతూ పాతికేళ్లు గడిపేశాడు. భార్య నాగరత్నం ఇంట్లోనే కుట్టుమిషన్ మీద జాకెట్లు కుడుతుంది. కూతురు రుచిత పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదువుతోంది. తల్లి మల్లమ్మకు డెబ్బై దాటాయి గానీ ఇంటి పెత్తనం ఇంకా ఆమెదే. పెరడు పక్కన వరుసగా కట్టిన గదుల్లో బయటి రాష్ట్రాల నుంచి వచ్చిన కుర్రవాళ్లు కిరాయికి ఉంటారు. వాళ్లు ఎప్పుడు వస్తున్నారో, ఏం వండుకుంటున్నారో అన్నీ మల్లమ్మకు కావాలి.

పెరట్లో, వేపచెట్టు కింద, పోచయ్య బండి ఉండేది.

పోచయ్య నాగేశ్వర్ తండ్రి. పొలాలు ఫ్యాక్టరీల కింద పోయినప్పుడు ఊళ్లో కొందరు ఇళ్లు కట్టారు, కొందరు తాగారు, పోచయ్య బండి కొన్నాడు. జహీరాబాద్‌లో తయారైన ఆల్విన్ నిస్సాన్, చిన్న లారీ. ఊరివాళ్ల నోట్లో అది "అల్వీను బండి" అయింది. "నాగలి పోతే ఏంది, స్టీరింగ్ వడ్త" అన్నాడట. తెల్లవారకముందే టమాటాలు, వంకాయలు బోయినపల్లి మార్కెట్‌కు వేసుకుపోయేవాడు. పెళ్లిళ్లకు సామాను మోసేవాడు. బొంతపల్లి వీరన్న జాతరకు ఊళ్లో సగం మంది ఆ బండిలోనే పోయేవారు. పిల్లలను వెనక తొట్టి లోపల కూర్చోబెట్టి, ముసలివాళ్లను క్యాబిన్‌లో ఎక్కించి, మిగిలినవాళ్లను "గట్టిగ పట్టుకోండ్రి" అని కేకేసి బయల్దేరేవాడు.

అతనికి చదువు లేదు. ఊళ్లో పెద్దవాళ్లకు రాత్రి బడి పెట్టినప్పుడు నలుగురూ నవ్వుతున్నా పోయి పలక పట్టుకున్నాడు. నాలుగు అక్షరాలు వచ్చీరాగానే, ఎద్దుల కొమ్ములకు వేయగా మిగిలిన ఎర్రరంగు తీసి, బండి కుడి తలుపు మీద తన చేత్తో "పోచయ్య, పాశమైలారం" అని రాసుకున్నాడు. మల్లమ్మ రంగు డబ్బా పట్టుకుని నిలబడింది. అక్షరాలు కిందికి జారాయి, చివరికి చోటు చాలక ఇరుకిరుకుగా ముగిశాయి. తర్వాత బడి ఎత్తేశారు, పోచయ్య మళ్లీ వేలిముద్రకే వచ్చాడు. అతను ఈ భూమ్మీద రాసిన రాత అదొక్కటే. మల్లమ్మకు చదవడం రాదు, అయినా ప్రతి దసరాకూ ఆ రాతను తడిగుడ్డతో తుడిచి, పక్కన పసుపు బొట్టు పెట్టేది.

పోచయ్య పోయి మూడేళ్లయింది. బండి అంతకు ముందునుంచే కదలడం మానేసింది. దాన్ని బాగు చేద్దామన్న ఆలోచన రుచితది. "నానమ్మా, వచ్చే జాతరకు నిన్ను ఇదే బండిల తీస్కపోత" అంది. ఆ మాటతో మల్లమ్మ ముఖం చూసినవాళ్లెవరూ కాదనలేకపోయారు. ఇక ఆదివారాలన్నీ బండివే. ఇంజన్ విప్పి పటాన్‌చెరు మెకానిక్ దగ్గర వేశారు. నాగరత్నం కొత్త రెక్సిన్ తెచ్చి సీట్లు కుట్టింది. మల్లమ్మ చింతపండు పులుసుతో చక్రాల మూతలు తోమింది. కాగితాల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగింది మాత్రం రుచితే, ఆ బాధ చెప్పాలంటే వేరే కథ అవుతుంది. ఇంట్లో అందరూ నూనె మరకలతో, నవ్వుతూ, ఒకరి పనిని ఒకరు వెక్కిరించుకుంటూ ఉంటే నాగేశ్వర్‌కు పండగలా ఉండేది. తండ్రి బతికుండగా బండికి ఒక్కరోజు గ్రీజు పెట్టి ఎరగని కొడుకు అతను. ఆ లోటు ఇప్పుడు తీరుతోందని లోపల సంబరపడ్డాడు.

రంగు పని సుమిత్‌ది. బిహార్ కుర్రవాడు, వాళ్ల గదుల్లోనే మూడేళ్లుగా కిరాయికి ఉంటున్నాడు. ఇస్నాపూర్ దగ్గర దుర్గాప్రసాద్ అనే అతని బండ్ల బాడీ షెడ్డులో రంగు గన్ పట్టుకునే పెయింటర్. పల్లెటూరి నుంచి ఎమ్రీ పేపర్ రుద్దే పనికి వచ్చి, గన్ దాకా ఎదిగానని చెప్పుకోవడం అతనికి మహా ఇష్టం. మల్లమ్మ వాడికి జొన్నరొట్టె చేయడం నేర్పింది, వాడు ఆమెకు తన ఊళ్లో చేసే ఛఠ్ పండగ ఫోన్‌లో చూపించాడు. ఇద్దరికీ భాష సగం సగమే కలిసేది, మాటలు మాత్రం ఆగేవి కావు. బండికి రంగు వేస్తానని తనంతట తానే ముందుకొచ్చాడు. మల్లమ్మ వాడికి ఒక్కటే చెప్పింది.

"బండంత నీ ఇష్టం బిడ్డా. ఆ తలుపు మాత్రం ముట్టద్దు. గది గట్లనే ఉండాలె."

"నహీ ముట్తా అమ్మా" అన్నాడు సుమిత్.

ఆ మాట అందరితో పాటు నాగేశ్వరూ విన్నాడు.

ఇప్పుడు ఆ ఆదివారం. పొద్దున సుమిత్ బానెట్ రుద్ది, సొట్టలు నింపే లప్పం పెట్టి, అది ఆరేలోగా అన్నం తిందామని గదికి పోయాడు. రుచిత, నాగరత్నం లోపల భోజనాలు చేస్తున్నారు. నాగేశ్వర్ ఒక్కడే పెరట్లో మిగిలాడు. చుట్టూ బండి నిగనిగలాడబోతుంటే ఆ కుడి తలుపు మీద రాత మాత్రం ఏళ్ల నాటి నూనె జిడ్డుతో నల్లబారి ఉంది. కాస్త తుడిస్తే ఎర్రగా తేలుతుంది కదా, అమ్మ చూసి సంబరపడుతుంది కదా అనుకున్నాడు. ఉద్దేశం మంచిదే. ఉద్దేశాలకేం, ఎప్పుడూ మంచివే ఉంటాయి.

తడిగుడ్డతో తుడిచి ఊరుకుంటే ఈ కథే లేదు. కానీ మందుల కంపెనీలో పనిచేసినవాడి చేతికి నీళ్లు ఆనవు. ఏ మరక కనబడినా వాళ్లకు జిడ్డును కరిగించే సాల్వెంట్ గుర్తొస్తుంది. వాళ్ల షిఫ్టులో అదొక అలవాటు. మందులు వండే రియాక్టర్ మూతలు తుడవగా మిగిలింది కూల్‌డ్రింక్ సీసాలో పోసుకుని, అన్నం సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చుకుంటారు. ఫ్యాన్ రెక్కల జిడ్డుకు దాన్ని మించింది లేదు. రోజూ చేతిలో ఆడే సరుకు కాబట్టి దాని మీద భయం ఎప్పుడో పోయింది. నాగేశ్వర్ సీసా తెచ్చాడు, గుడ్డ తడిపాడు, "పోచయ్య" మీద ఒక్కసారి మెల్లగా తుడిచాడు.

జిడ్డు పోయింది. అక్షరాలు ఎర్రగా మెరిశాయి. సంతోషం పట్టలేక మొత్తం రాత మీదుగా రెండోసారి గుడ్డ తిప్పాడు. ఈసారి రంగు పాల మీద మీగడలా ముడతలు పడి పైకి లేచింది. చెయ్యి వెనక్కి తీసుకునేలోపే గుడ్డకు అంటుకుని వచ్చేసింది. తలుపు మీద బూడిదరంగు ఇనుము, గుడ్డలో ఎర్రటి ముద్ద. తండ్రి చేతిరాత అంతా ఆ ముద్దలో ఉంది.

నాగేశ్వర్ అరవలేదు, ఎవరినీ పిలవలేదు. గుడ్డనూ సీసానూ గోడ అవతలి ముళ్లపొదల్లో పారేశాడు. చేతులు కడుక్కున్నాడు. "పటాన్‌చెరు పోయి అద్దం రబ్బరు తెస్త" అని లోపలికి కేకేసి బైక్ ఎక్కాడు. రబ్బరు దుకాణంలో అతనికి ఏ సైజు కావాలో గుర్తు రాలేదు. ఉత్త చేతులతో బయటికి వచ్చి సాయంత్రం దాకా బజారులో తిరిగాడు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి పెరట్లో అందరూ ఉన్నారు. మల్లమ్మ తలుపు ముందు నేల మీదే కూర్చుంది. నాగరత్నం, రుచిత పక్కన బిక్కచచ్చి నిలబడ్డారు. సుమిత్ చేతిలో ఇంకా ఎమ్రీ పేపర్ ఉంది, కాళ్ల దగ్గర థిన్నర్ డబ్బా ఉంది. చూసినవాళ్లకు సాక్ష్యం ఇంకేం కావాలి?

"గంత చెప్పిన గదా, ముట్టద్దని" అంటోంది మల్లమ్మ. కొడుకును చూడగానే ఆగింది. అతని ముఖంలోకే చూస్తూ అంది, "వచ్చినవా నాగేశూ. నువ్వే అడుగు. ఇది ఎవలు తుడిచిండ్రో నువ్వే అడుగు."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకుంటారంటారు. నాగేశ్వర్ అది కూడా చేయలేదు. అంతకంటే ఘోరమైంది చేశాడు. సుమిత్ వైపు తిరిగాడు.

"ఎందుకు తుడిచినవ్ రా? ఆ తలుపు జోలికి పోవద్దని చెప్పలే?"

"నేను ముట్టలే భయ్యా" అన్నాడు సుమిత్. "కసమ్ సే. నేను ముట్టలే."

మల్లమ్మ కాసేపు ఇద్దరినీ చూసింది. తర్వాత కొంగు దులుపుకుని లేచింది. "నెల నిండినంక గది ఖాళీ చెయ్యి బిడ్డా" అని లోపలికి పోయింది.

సుమిత్ నెల నిండేదాకా ఆగలేదు. మరుసటి రోజే పెట్టె, గ్యాస్ పొయ్యి ఆటోలో వేసుకుని వెళ్లిపోయాడు. కథ అక్కడితో ఆగినా బాగుండేది. బండి తలుపు బందులు సరిచేయడానికి దుర్గాప్రసాద్ వచ్చాడు, సంగతి విన్నాడు. "యజమాని వద్దన్న జాగ ముట్టెటోని చేతికి నేను గన్ ఎట్లిస్త?" అన్నాడు. సుమిత్‌ను మళ్లీ రుద్దుడు పనికి దించాడు. ఏళ్లు పట్టి ఎక్కిన మెట్లు వాడు ఒక్కరోజులో దిగాడు. ఆ మాట అంటున్నప్పుడు నాగేశ్వర్ పక్కనే నిలబడి స్పానర్ అందిస్తున్నాడు. అప్పుడైనా నోరు విప్పవచ్చు. విప్పలేదు.

మిగిలిన పని కొనసాగింది గానీ నాగేశ్వర్‌కు అది పండగలా లేదు. కంపెనీలో సాల్వెంట్ డ్రమ్ము మూత తీస్తే ఆ తలుపే కళ్ల ముందు నిలిచేది. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకునేవాడు. చెబితే అమ్మ ఏమంటుందోనన్న భయం ఒకటి, ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదంటే ఏమనాలన్న భయం ఇంకొకటి. మొదటి భయం అలాగే ఉండేది, రెండోది రోజూ పెరిగేది. రుచిత ఒకసారి ఫోన్‌లో పాత ఫొటో తీసి, "నానమ్మా, అచ్చం గిట్లనే స్టిక్కర్ చేపిస్త" అంది. మల్లమ్మ తల అడ్డంగా ఊపింది. "మీ తాత చెయ్యి వెట్టిన జాగ అది. స్టిక్కర్ నాకెందుకు?" ఆ మాట విన్న నాగేశ్వర్ పెరట్లోకి పోయి బండి చాటున ఏడ్చాడు. ఏడవడం తేలిక. ఏడిస్తే ఎవరి చేతికీ గన్ వెనక్కి రాదు.

జాతర ముందు వారం బండి ఇంజన్ మోగింది. తొలిసారి తిప్పుకు రావడానికి మల్లమ్మను పక్కన కూర్చోబెట్టుకుని నాగేశ్వర్ రోడ్డెక్కాడు. బండి బాగానే పోతోంది. మల్లమ్మ కిటికీలోంచి చూస్తూ, ఇక్కడ మన జొన్నచేను ఉండె, అక్కడ బాయి ఉండె అని ఫ్యాక్టరీ గోడల్ని చూపిస్తోంది. ఇస్నాపూర్ దగ్గర దుర్గాప్రసాద్ షెడ్డు ముందు ఒక స్కూలు బస్సు నిలబెట్టి ఉంది. దాని పక్కన నేల మీద కూర్చుని, తల నుంచి కాళ్ల దాకా తెల్లటి లప్పం దుమ్ముతో, సుమిత్ రేకును రుద్దుతున్నాడు. లోపల ఇంకెవరో గన్ పట్టుకుని రంగు కొడుతున్నాడు.

మల్లమ్మ చూసింది. చూసి చప్పున ముఖం అటు తిప్పుకుంది.

నాగేశ్వర్ బండిని రోడ్డు పక్కకు తీసి ఆపాడు. స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని, ముందుకే చూస్తూ అన్నాడు, "అమ్మా, ఆ తలుపు సుమిత్ తుడవలే. నేనే తుడిచిన."

"నాకెర్కనే" అంది మల్లమ్మ.

అతను తిరిగి చూశాడు.

"వంటింటి కిటికీల నుంచి సూసిన. నువ్వు గుడ్డ వట్టుకొని గోడ దిక్కు ఉరుకుడు గుడ సూసిన."

"మరి ఆ పిల్లగాన్ని ఎందుకన్నవే?"

"నిన్నే అడుగుమన్న గదరా. అప్పుడన్న నోరు తెరుస్తవని సూసిన. నువ్వు ఆన్నే అడిగినవ్. ఇగ కోడలు ముంగట, పిల్ల ముంగట నా కొడుకును దొంగలెక్క ఎట్ల నిలవెడుదు? ఆడు పరాయోడు, ఏడనో ఒక కాడ బతుకుతడు అనుకున్న. రెండు దినాలల్ల మర్చిపోతననుకున్న. మన్ను దిన్నట్టుంది నాగేశూ, అన్నం దిన్నా మన్ను దిన్నట్టుంది."

పాపం ఒకరిది, ఫలం ఇంకొకరిది అంటే ఇదే. కొడుకు భయపడి దాచాడు, తల్లి ప్రేమతో దాచింది, దెబ్బ మాత్రం మధ్యలో ఉన్న కుర్రవాడికి తగిలింది. ఏ పేరు పెట్టి దాచినా తగిలేవాడికి తేడా ఉండదు. నాగేశ్వర్ ఇన్నాళ్లూ మోసిన బరువు చెప్పేస్తే దిగుతుందనుకున్నాడు. అది దిగకపోగా తల్లిని కూడా ఈ పాపంలోకి లాగానన్న బరువు దాని మీద పడింది. ఆ ఒక్క మాట ఆ సాయంత్రమే అని ఉంటే ఆమె ఈ అబద్ధం మోసేది కాదు.

ఇద్దరూ బండి దిగి షెడ్డులోకి పోయారు. నలుగురు పనివాళ్లు వింటుండగానే నాగేశ్వర్ దుర్గాప్రసాద్‌కు చెప్పాడు, "అన్నా, ఆ తలుపు పాడు చేసింది నేను. సుమిత్ ముట్టలే. వానికి మల్ల గన్ ఇయ్యి."

దుర్గాప్రసాద్ ముందు ఆశ్చర్యపోయాడు, తర్వాత ఇబ్బందిగా తల గోక్కున్నాడు. "గదా సంగతి. జర ముందుగాల చెప్తే ఏమైతుండె? గన్ మీదికి కొత్తోన్ని తెచ్చుకున్న. ఆడు మంచిగనే కొడుతుండు. తప్పేం లేంది ఆన్నెట్ల తీస్త?"

తప్పు లేనివాణ్ని తీసేయడం ఎంత తేలికో ఆ షెడ్డులో నాగేశ్వర్ కంటే బాగా ఎవరికీ తెలియదు.

మల్లమ్మ బస్సు దగ్గరికి పోయి సుమిత్ ముందు నిలబడింది. "బిడ్డా, నువ్వు ముట్టలేదని నాకు ఆనాడే తెల్సు" అంది.

సుమిత్ రుద్దడం ఆపాడు. కనురెప్పల మీద కూడా దుమ్ము ఉంది. "ఆ రోజు తెలుసా?"

"తెల్సు."

"తెలిసి చెప్పలేదా అమ్మా?"

కోపగించుకుంటాడని, తిడతాడని ఆమె సిద్ధపడి వచ్చింది. ఈ ప్రశ్నకు సిద్ధపడలేదు. "ఇంటికి రా బిడ్డా, నీ గది ఎవలకియ్యలే" అంది.

"నహీ అమ్మా. ఇక్కడ దోస్తులు ఉన్నారు. ఇక్కడే ఉంటా."

నాగేశ్వర్ దగ్గరికి వచ్చాడు. క్షమాపణ ఎలా చెప్పాలో తెలియక, తెలిసిన ఒక్క దారే వెతుక్కున్నాడు. "సుమిత్, ఆ తలుపుకు నువ్వే రంగు వెయ్యి. నీ చేతుల మీదనే కానీ."

"రంగు వేసేది నేను కాదు భయ్యా ఇప్పుడు. రుద్దేది నేను" అన్నాడు సుమిత్. వెటకారం లేదు, పని సంగతి చెప్పినట్టే చెప్పాడు. మళ్లీ ఎమ్రీ పేపర్ నీళ్లలో ముంచుకుని రుద్దడం మొదలుపెట్టాడు.

ఇంటికి వచ్చాక నాగేశ్వర్ భార్యకూ కూతురికీ కూడా చెప్పాడు. నాగరత్నం రెండు రోజులు మాట్లాడలేదు. రుచిత మాట్లాడింది గానీ ముఖం చూసి మాట్లాడలేదు. తలుపుకు ఏ రంగూ వేయలేదు, తుప్పు పట్టకుండా ప్రైమర్ ఒక్కటే పూశారు.

జాతర రోజు బండి నిండింది. వెనకటి లాగే పిల్లలు లోపల, ముసలివాళ్లు క్యాబిన్‌లో. ఎక్కేవాళ్లలో పాతవాళ్లు ప్రతి ఒక్కరూ ఆగి అడిగారు, "పోచన్న పేరేది రా?" అని. నాగేశ్వర్ ప్రతి ఒక్కరికీ "నేనే పోగొట్టిన" అని చెప్పాడు. మొదటిసారి నాలుక తడబడింది. చెప్పగా చెప్పగా అలవాటవుతుందనుకున్నాడు, కాలేదు.

బొంతపల్లిలో బండి ఆగాక బస్సులో ముందే వచ్చి ఉన్న పోచయ్య స్నేహితుడు సత్తయ్య కర్ర ఊతంతో వచ్చి ఆ తలుపును చేత్తో తడిమాడు. "మీ ఇంట్ల కిరాయికున్న బిహారోడు పాడు చేసిండంట గదా. ఊరంత అంటున్నరు. గసొంటోళ్లను ఇంట్ల వెట్టుకోవద్దంటే వినరు."

నాగేశ్వర్ నోరు తెరిచేలోపే మల్లమ్మ క్యాబిన్ దిగింది.

"ఆడు గాదు సత్తన్నా. నా కొడుకు తుడిచిండు. నాకు తెల్సి గుడ ఆ పిల్లగాని మీద వెట్టిన."

సత్తయ్య చుట్టూ జనాన్ని చూసి గొంతు తగ్గించాడు. "పోనీ తియ్యి వదినె. పదిమందిల గియ్యన్ని ఎందుకు?"

"ఊరంత అన్నది గదా" అంది మల్లమ్మ, ఇంకాస్త గట్టిగా. "ఊరంత ఇనాలె."

బండి వెనక నుంచి దిగుతున్నవాళ్లు ఎక్కడివాళ్లక్కడ ఆగి ఆమె వైపు చూశారు. ఆమె మొదటి నుంచి మళ్లీ చెప్పడం మొదలుపెట్టింది, సుమిత్ పేరు పెట్టి, కొడుకు పేరు పెట్టి, తన పేరు పెట్టి. నాగేశ్వర్ తల దించుకుని తల్లి పక్కనే నిలబడ్డాడు.